అక్షరాల గూడు: గ్నోమ్ 43 నుంచి 48 దాకా ఒక కర్నూలు డైరీ

ఆగస్టు 17, 2025, ఆదివారం

“అమ్మాయీ, నా గూడు ఏమైంది?”

ఉదయం ఎనిమిదింటికే చిన్నాన్న ఫోను. నిన్న రాత్రి ఆయన డీటీపీ దుకాణంలోని నాలుగు కంప్యూటర్లలో ఒకదాని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను డెబియన్ 12 నుంచి డెబియన్ 13కు మార్చాను. ప్రింటరు పనిచేస్తోంది, ఫాంట్లు ఉన్నాయి, ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. అంతా సరిచూశాననుకుని తాళం వేసి వచ్చాను. తెర పైపట్టీలో కుడివైపున ఉండవలసిన ‘అ’ గుర్తును మాత్రం చూడలేదు. దాన్ని రాసినదాన్ని నేనే, ముందుగా చూడవలసిందీ నేనే.

ఆ గుర్తు పేరు అక్షరాల గూడు. లినక్స్ తెరను నడిపే గ్నోమ్ డెస్క్‌టాప్‌కు 2022లో నేను రాసిన ఎక్స్‌టెన్షన్, అంటే దానికి తగిలించే చిన్న అదనపు సదుపాయం. రెండే పనులు చేస్తుంది. కీబోర్డు తెలుగులో ఉంటే పైపట్టీలో ‘అ’ అని, ఇంగ్లీషులో ఉంటే ‘ఎ’ అని చూపుతుంది. మారిన క్షణంలో అదే అక్షరం తెర మధ్యలో పెద్దగా ఒకసారి మెరుస్తుంది. చిన్నాన్న చూపు ఎప్పుడూ పక్కనున్న కాగితం మీదే ఉంటుంది. తెర మధ్యలో మెరుపు కంటి కొసకు తగిలితే చాలు, ఒక పేరా మొత్తం తప్పు భాషలో కొట్టే బాధ తప్పుతుంది. ఇక రెండో పని: ఆ గుర్తును నొక్కితే పన్నెండు గడుల పెట్టె తెరుచుకుంటుంది. అరసున్న, బండి ఱ, ౘ, ౙ, తెలుగు అంకెల్లో ఎక్కువగా వాడేవి, అన్నిటికంటే ముఖ్యంగా కనిపించని ఒక అక్షరం, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టినా ‘సాఫ్ట్వేర్’ అని వత్తు కిందికి దిగిపోతుంది. చిన్నాన్న దాన్ని ‘విడదీత’ అంటాడు. ఆ పేరే గడి మీద కూడా రాశాను. నొక్కిన అక్షరం క్లిప్‌బోర్డులోకి వెళ్తుంది, కావలసిన చోట అతికించుకోవడమే.

చిన్నాన్న కంప్యూటర్‌తో పుట్టి పెరిగినవాడు కాదు. సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటర్. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి కర్నూలు పాత పట్టణం మునిగినప్పుడు ఆయన ప్రెస్సూ మునిగింది. నీళ్లు తీసిన తర్వాత అక్షరాల కేసుల్లో మిగిలింది ఒండ్రు. యాభై దాటిన వయసులో ఇన్‌స్క్రిప్టు కీబోర్డు నేర్చుకున్నాడు. ఆయన పని ఆగకూడదు. నాకు ఈ ప్రాజెక్టు అంతా ఆ ఒక్క మాట కోసమే.

మధ్యాహ్నం వెళ్లి చూశాను. ఎక్స్‌టెన్షన్ ఫోల్డరు ఉన్నచోటే ఉంది. స్థితి అడిగితే ‘కాలం చెల్లినది’ అని వచ్చింది. డెబియన్ 12లో గ్నోమ్ 43 ఉండేది, 13లో 48 ఉంది. మధ్యలో అయిదు మెట్లు, నేను ఒక్కటీ ఎక్కలేదు. మిగిలిన మూడు కంప్యూటర్లను ఇప్పుడే ముట్టుకోనని చెప్పి, చిన్నాన్నను పాత దాని దగ్గరే కూర్చోబెట్టాను. వినాయక చవితి పది రోజుల్లో ఉంది. కమిటీల కరపత్రాలు, రసీదు పుస్తకాలు అన్నీ ఈ వారమే.

ఆగస్టు 19, మంగళవారం

కాలేజీ ల్యాబులో నా ఉద్యోగం అయిదింటికి అయిపోతుంది. ఆ తర్వాత రెండు గంటలు దీనికి.

ఇంకో ఒత్తిడి కూడా కలిసింది. ఇదే ఎక్స్‌టెన్షన్‌ను మా ల్యాబులో తెలుగు శాఖ విద్యార్థులు వాడుతున్నారు. వేసవి సెలవుల్లో ల్యాబును ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లో 22.04 నుంచి 24.04కు మార్చారు. అంటే గ్నోమ్ 42 నుంచి 46కు. అక్కడా గూడు లేదు, ఎవరూ నాకు చెప్పలేదు. ఒక విద్యార్థినిని అడిగితే, “తీసేశారనుకున్నాం మేడం” అంది. ఆ మాట రోజంతా వదలలేదు. మనం రాసినది ఆగిపోతే వాడేవారు ఫిర్యాదు చేస్తారని అనుకుంటాం. చాలామంది చేయరు. అది లేకుండా బతకడం మొదలుపెడతారు.

ఈ రోజు కోడ్ రాయలేదు. పాత కోడ్ చదువుతూ ఒక కాగితం మీద లెక్క వేశాను. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ అంటే విడిగా నడిచే ప్రోగ్రాం కాదు. డెస్క్‌టాప్‌ను గీసే గ్నోమ్ షెల్ ప్రక్రియలోకే మన జావాస్క్రిప్టు వెళ్లి కూర్చుంటుంది. షెల్ వాడే ప్రతి వస్తువునూ మనమూ తాకవచ్చు, మార్చవచ్చు. అందువల్లే నూరు పంక్తులతో ఇంత పని జరుగుతుంది. కానీ ఆ వస్తువులు రేపు కూడా అదే పేరుతో, అదే చోట ఉంటాయని ఎవరూ మాట ఇవ్వలేదు. పక్కింటి గోడకు దండెం కట్టుకున్నట్టు. గోడ వారిది. వారు ఇల్లు సరిచేసుకుంటే దండెం పడిపోతుంది, అందులో వారి తప్పు లేదు. మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, ఏటా రెండు విడుదలలు. గోడ ఏటా రెండుసార్లు కదలవచ్చు.

మరి నేను ఆ గోడకు ఎన్ని ముడులు వేశాను? పదకొండు. పైపట్టీలో గుర్తు పెట్టడానికి ఒకటి, కీబోర్డు మార్పు వినడానికి ఒకటి, మెరుపుకు ఒకటి, తెర కొలత తెలుసుకోవడానికి ఒకటి. ఈ నాలుగూ తప్పనివి. మిగిలిన ఏడు ఎందుకు వేశానో ఇప్పుడు చదివితే నాకే అర్థం కాలేదు. వాటిలో రెండు, షెల్ తన సొంతానికి దాచుకున్న, కింది గీతతో మొదలయ్యే పేర్లను తాకుతున్నాయి. ఒకటి షెల్ వారి భాషా సూచికలోని పద్ధతినే తీసి నా పద్ధతి పెట్టింది. మూడేళ్ల కిందట అదంతా తెలివి అనిపించి ఉంటుంది.

కాగితం పైన రాసుకున్నాను: 48కు చేర్చడం, 46లో నడిపించడం, ముడులు తగ్గించడం. మూడూ ఒకే పని.

ఆగస్టు 21, గురువారం

అన్నిటికంటే ఎత్తైన మెట్టు 45. 2023 సెప్టెంబరులో వచ్చిన ఆ విడుదలలో షెల్ తన జావాస్క్రిప్టును మొత్తం ప్రామాణిక మాడ్యూళ్ల పద్ధతికి మార్చింది. అంతకుముందు ‘ఇంపోర్ట్స్’ అనే ఒక పెద్ద వస్తువు ఉండేది, చుక్కలు పెట్టుకుంటూ దాని లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఫైలు మొదట్లోనే ఏ మాడ్యూలు ఏ చిరునామాలో ఉందో ప్రకటించాలి. ఇది గ్నోమ్ వారు పుట్టించిన పద్ధతి కాదు, జావాస్క్రిప్టు భాష ప్రమాణమే అది. షెల్ కింద జావాస్క్రిప్టును నడిపే జీజేఎస్, మొజిల్లా వారి స్పైడర్‌మంకీ ఇంజిన్ మీద నడుస్తుంది. అక్కడ ఎప్పటినుంచో ఉన్నదాన్ని ఇక్కడ వాడడం మొదలుపెట్టారు.

ఈ మార్పులో మధ్యేమార్గం లేదు. కొత్త ప్రకటనను పాత షెల్ చదివితే వ్యాకరణ దోషం అంటుంది, పాత పద్ధతిని కొత్త షెల్ చదవదు. ఒకే ఫైలు రెండు చోట్లా నడవదు. అంటే 44 వరకు ఒక కూర్పు, 45 నుంచి ఇంకొకటి. కోడ్ కూర్పులను భద్రపరిచే గిట్‌లో రెండు శాఖలు చేశాను. ఒకదానికి ‘పాత’ అని, రెండోదానికి ‘కొత్త’ అని పేర్లు. పాత శాఖలో ఇక దోషాలు సరిచేయడమే తప్ప కొత్తవి చేర్చను. దుకాణంలో మిగిలిన మూడు కంప్యూటర్లు మారగానే దాన్ని మూసేస్తాను.

పని మాత్రం అనుకున్నంత పెద్దది కాలేదు. విడిగా ఉన్న మూడు ఫంక్షన్లు, అంటే మొదలు, ప్రారంభం, ముగింపు, ఒక క్లాసులోకి వచ్చాయి. షెల్ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ క్లాసు నుంచి మన క్లాసు పుడుతుంది. సెట్టింగులు తెచ్చుకోవడానికి ఇదివరకు వేరే సహాయ మాడ్యూలును పిలిచేదాన్ని, ఇప్పుడు క్లాసే ఇస్తుంది. మొదలు అనే ఫంక్షన్ పోవడం నాకు నచ్చింది. అందులో నేను పెట్టకూడనివి పెట్టేదాన్ని.

ఒక ముడి దానంతట అదే తెగింది. కొత్త మాడ్యూళ్లు బయటికి ఇచ్చిన పేర్లను మనం తిరగరాయలేం. షెల్ ఫంక్షన్ ఒకదానికి నా ఫంక్షన్‌ను నేరుగా అంటగట్టిన పంక్తి కొత్త షెల్‌లో నడవదు. క్లాసుల లోపలి పద్ధతులను మాత్రం ఇప్పటికీ మార్చవచ్చు, దానికి 45లోనే ఒక ప్రత్యేక సహాయక క్లాసు ఇచ్చారు. దాన్ని వాడి పాత మార్పును నిలబెట్టుకోవచ్చు. అరగంట ఆలోచించి వద్దనుకున్నాను. షెల్ వారి భాషా సూచికను మార్చడం ఎందుకు? దాన్ని దాని మానాన ఉండనిచ్చి, నా గుర్తును పక్కన విడిగా పెడితే సరిపోతుంది. ఆ నిర్ణయంతో ఒకేసారి నాలుగు ముడులు పోయాయి.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దుటినుంచి రాత్రి దాకా దీని మీదే. ఎండ ఇంకా తగ్గలేదు, మధ్యలో గంట కరెంటు పోయింది.

ఎక్స్‌టెన్షన్‌ను ఒకసారి లోపలికి తీసుకున్న షెల్, ఫైలు మార్చినా పాత మాడ్యూలునే పట్టుకుని ఉంటుంది. తెరను గీసే పాత పద్ధతి ఎక్స్11 రోజుల్లో ఆల్ట్, ఎఫ్2 నొక్కి ‘ఆర్’ అని కొడితే షెల్ తిరిగి మొదలయ్యేది. దాని చోట వచ్చిన వేలాండ్‌లో ఆ దారి లేదు. ప్రతి చిన్న మార్పుకూ లాగౌటు కావాలంటే మనిషికి ఓపిక ఉండదు. అందుకే షెల్ లోపల ఇంకో షెల్‌ను ఒక కిటికీలో తెరిచి పని చేస్తాను. డీబస్ రన్ సెషన్ కింద గ్నోమ్ షెల్‌ను నెస్టెడ్, వేలాండ్ ఆప్షన్లతో పిలవడమే. ఆ కిటికీ కొలతను ల్యాబు మానిటర్లలాగే 1366, 768గా పెట్టాను. పెద్ద తెర మీద అందంగా కనిపించిన పెట్టె, చిన్న తెరలో కిందికి జారిపోవడం నేను ఒకసారి చూశాను.

కొత్త శాఖ మొదటిసారి పలికిన తిట్టు: ‘యాడ్ యాక్టర్ అనేది ఫంక్షన్ కాదు’. ఇది 46 మెట్టు. షెల్ తెర మీది వస్తువులను పేర్చే క్లట్టర్ లైబ్రరీ నుంచి కంటైనర్ అనే పాత ఏర్పాటును తీసేశారు, దానితో యాడ్ యాక్టర్, రిమూవ్ యాక్టర్ పోయాయి. యాడ్ చైల్డ్, రిమూవ్ చైల్డ్ అని మార్చాలి. ఈ కొత్త పేర్లు చాలా ఏళ్లుగా ఉన్నవే కాబట్టి పాత శాఖలోనూ మార్చేశాను, అక్కడా నడిచింది. మూడేళ్ల కిందట నేను నకలు చేసుకున్న ఉదాహరణలో పాత పేరు ఉంది, అంతే కారణం.

తర్వాతిది 47 మెట్టు. క్లట్టర్ కలర్ పోయింది, దాని చోట కోగల్ కలర్ వచ్చింది. పేరు మార్చితే అయిపోయేదే. కానీ ఆ రంగు నేనెందుకు కోడ్‌లో రాశాను? మెరిసే అక్షరం వెనుక నేపథ్యం కోసం. దాన్ని స్టైల్‌షీటులోకి తోసేశాను. రంగులు, అంచులు, అక్షరాల పరిమాణం ఇక అన్నీ అక్కడే. ఇంకో ముడి పోయింది.

సాయంత్రం ఆరున్నరకు కిటికీలో ‘అ’ కనిపించింది. నొక్కాను, పెట్టె తెరుచుకుంది. పన్నెండు గడులు. నాకు చాలా సంతోషం వేసింది. లేచి కాసేపు మిద్దె మీద నడిచి వచ్చాను.

ఆగస్టు 31, ఆదివారం

చవితి అయ్యింది. దుకాణంలో రద్దీ తగ్గలేదు, ఇప్పుడు నిమజ్జనం బ్యానర్లు.

ఈ వారం తిప్పలు పెట్టింది ఒక్క పంక్తి. పెట్టెలో గడుల వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చడానికి షెల్ ఇచ్చే ఎస్టీ బాక్స్ లేఅవుట్‌కు ‘వర్టికల్’ అని చెప్పేదాన్ని. 48లో అది వాడవద్దని, దాని చోట ‘ఓరియెంటేషన్’ వాడమని సూచన. చెప్పినట్టే మార్చాను. 48లో చక్కగా వచ్చింది. ల్యాబులో 46 మీద పెడితే, అలాంటి లక్షణమే లేదని చెప్పి పెట్టె తెరుచుకోలేదు. ‘వర్టికల్’ ఉంచితే 48లో పని జరుగుతుంది, హెచ్చరిక మిగులుతుంది. షెల్ కూర్పు సంఖ్య చదివి, దాన్ని బట్టి రెండు దారులు రాయవచ్చు. రాశాను కూడా. కానీ అలాంటి షరతులు ఒకటి మొదలైతే ఆరు నెలలకు అయిదవుతాయి, ఏది ఎందుకు పెట్టామో గుర్తుండదు.

రెండు రాత్రుల తర్వాత దొరికిన దారి: ఆ పెట్టె లోపల పేర్చే పని నిజానికి క్లట్టర్ వారి బాక్స్ లేఅవుట్ చేస్తుంది. దిశ అనే లక్షణం దానికి ఎప్పటినుంచో ఉంది. పెట్టెను తయారుచేశాక దాని లేఅవుట్ మేనేజరును అడిగి దిశ చెబితే 46కూ 48కీ ఒకే పంక్తి సరిపోయింది. షరతులు రెండూ తీసేశాను. ఇలాంటి సమస్యలో ఉన్నవారు ముందు ఇది ప్రయత్నించండి.

సెప్టెంబరు 7, ఆదివారం

ఈ రోజు రాసేది నా తప్పు గురించి. ఇది రాసి ఉంచాలి.

బుధవారం చిన్నాన్న అన్నాడు: “పొద్దున ఒకసారి మెరుస్తోంది. అన్నం తిని వచ్చాక రెండుసార్లు మెరుస్తోంది. సాయంత్రానికి కళ్లు చెదురుతున్నాయి.” డెబియన్ 13 పెట్టిన కంప్యూటర్‌లో వారంగా కొత్త శాఖను ఆయన చేతనే పరీక్ష చేయిస్తున్నాను. నా లాప్‌టాప్‌లో ఎంత ప్రయత్నించినా ఒక్కసారే మెరిసింది. అన్నానికీ మెరుపుకూ ఏమిటి సంబంధం అని రెండు రోజులు తిరిగాను.

సంబంధం తాళం. చిన్నాన్న భోజనానికి లేస్తే తెరకు తాళం పడుతుంది. తాళం పడినప్పుడు గ్నోమ్ షెల్, ప్రత్యేకంగా అనుమతి అడగని ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ముగించేస్తుంది. తాళం తీయగానే తిరిగి ప్రారంభిస్తుంది. అంటే ముగింపు ఫంక్షన్ ఎప్పుడో ఒకసారి పిలిచేది కాదు, రోజుకు పదిసార్లు నడిచేది. నేను క్లాసులోకి మార్చేటప్పుడు, ప్రారంభంలో కీబోర్డు మార్పు సంకేతానికి చెవి పెట్టి, ఆ చెవి సంఖ్యను దాచుకోలేదు. దాచుకోలేదు కాబట్టి ముగింపులో తీయలేదు. ప్రతి తాళానికీ ఒక చెవి పెరిగింది. సాయంత్రానికి నాలుగైదు చెవులు, నాలుగైదు మెరుపులు. నెస్టెడ్ కిటికీకి నేను తాళం వేసి చూడనే లేదు.

అది కనిపించే తప్పు. సిస్టమ్ సందేశాలు నమోదయ్యే జర్నల్ తెరిచి చూస్తే కనిపించనిది కూడా ఉంది. ‘ఈ లేబుల్ ఇప్పటికే తొలగించబడింది, దాన్ని తాకడం అసాధ్యం’ అనే అర్థం వచ్చే హెచ్చరికలు వరుసగా. మెరుపు ఎనిమిది వందల మిల్లీసెకన్ల తర్వాత ఆరిపోవాలని ఒక గడువు పెట్టాను. ఆ గడువు లోపల తాళం పడితే లేబుల్ పోతుంది, గడువు మాత్రం మిగిలి, పోయిన లేబుల్‌ను వెతుక్కుంటుంది. గడువు సంఖ్యను కూడా దాచుకుని ముగింపులో రద్దు చేయాలి.

సరిచేసిన తీరు: సంకేతాలకు షెల్ ఇచ్చే కనెక్ట్ ఆబ్జెక్ట్ వాడాను. ఎవరి పేరుతో చెవి పెట్టామో ఆ పేరుతో అన్నిటినీ ఒకేసారి తీసేయవచ్చు, సంఖ్యలు దాచే పని లేదు. గడువుకు సంఖ్య దాచాను. ముగింపు ఫంక్షన్‌ను ప్రారంభం పక్కనే పెట్టి పంక్తికి పంక్తి సరిచూశాను. ప్రారంభంలో తొమ్మిది పనులుంటే ముగింపులో తొమ్మిది రద్దులు ఉండాలి. ఎక్స్‌టెన్షన్లను పరిశీలించేవారు కొత్తవారి నుంచి మొదట అడిగేది ఇదే. మన కోడ్ షెల్ ఇంట్లో ఉంటుంది. అక్కడ మనం వదిలిన చెత్త షెల్‌ను నెమ్మదింపజేస్తుంది, తిట్లు షెల్‌కు పడతాయి.

ఇప్పుడు నా పరీక్ష ఇలా ఉంది: తాళం వేసి తీయడం పదిసార్లు. ఎక్స్‌టెన్షన్‌ను ఆపి పెట్టడం పదిసార్లు. ఆ తర్వాత కీబోర్డు మార్చి మెరుపులు లెక్కపెట్టడం. ఒకటి రావాలి. జర్నల్‌లో కొత్త పంక్తి ఒక్కటీ రాకూడదు.

రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఇంట్లో పెందలాడే వంట అయిపోయింది. ఈ మాట రాసి ఆపుతున్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

సెట్టింగుల కిటికీ. గంటన్నరలో అయ్యింది. అది షెల్ లోపల నడవదు, వేరే ప్రక్రియలో జీటీకే 4, లిబ్‌అద్వైత అనే కిటికీల లైబ్రరీల మీద నడుస్తుంది. షెల్ వస్తువులు అక్కడికి రావు, జీటీకే ఇక్కడికి రాదు. అందుకే దాన్ని క్లాసుగా మార్చడం తప్ప పెద్ద పని పడలేదు. మెరుపు పరిమాణం, మెరుపు అసలు కావాలా వద్దా, ఈ రెండే ఉంచాను. నాలుగు సెట్టింగులు తీసేశాను, వాటిని ఎవరూ మార్చలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

ల్యాబులోనూ, దుకాణంలోనూ ఒకే కూర్పు. ఏ షెల్ కూర్పుల్లో నడుస్తుందో చెప్పే మెటాడేటాలో 46, 47, 48 మూడు సంఖ్యలూ రాశాను. 47ను వర్చువల్ మెషీన్‌లో పెట్టి చూశాకే రాశాను. కొందరు విడుదల రాగానే పరీక్షించకుండా సంఖ్య ఒకటి చేర్చేస్తారు. చాలాసార్లు నడుస్తుంది కూడా. కానీ ఆ సంఖ్య, ‘నేను చూశాను, నడుస్తోంది’ అని వాడేవారికి మనం చెప్పే మాట. చూడకుండా చెప్పడం నాకు ఇష్టం లేదు.

ల్యాబులో తెలుగు శాఖ విద్యార్థులు కూర్చున్నారు. ఇన్‌స్క్రిప్టులో డీ మీట పొల్లు అని, క తర్వాత డీ, ఆ తర్వాత ష కొడితే క్ష వస్తుందని నేర్చుకుంటున్నవారు. వారు గమనించింది గూడును కాదు, ఎడమ మూలలో ‘యాక్టివిటీస్’ అనే మాట పోయి చుక్కలు రావడాన్ని. అది 45లో వచ్చిన మార్పని చెప్పాను. గూడు తిరిగి వచ్చిందని చూపిస్తే మొన్నటి విద్యార్థిని వెంటనే ‘విడదీత’ నొక్కి ‘ఫేస్‌బుక్’ అని సరిగ్గా కొట్టి చూపించింది.

దుకాణంలో మాత్రం చిన్నాన్న ముఖం వాడిపోయి ఉంది. “పెట్టె బాగుంది. కానీ ఇది నాది కాదు.”

చూస్తే, తిరగరాసేటప్పుడు గడులను యూనికోడ్ వరుసలో సర్దాను. అరసున్న మొదట, విడదీత చివర. పట్టికలో చూడటానికి అందంగా ఉంది. పాత పెట్టెలో విడదీత పై వరుసలో కుడి చివర ఉండేది, దాని కిందే బండి ఱ. ఆ వరుస నేను కూడా ఆలోచించి పెట్టినది కాదు, అప్పట్లో ఎలా తోస్తే అలా పెట్టాను. కానీ మూడేళ్లలో ఆయన చేయి దాన్ని నేర్చుకుంది.

“తెలుగు కేసులో వందల గడులు ఉండేవి అమ్మాయీ. గుణింతానికి ఒకటి, వత్తుకు ఒకటి. నేను కేసు వైపు చూసేవాణ్ని కాదు, కాపీ వైపు చూసేవాణ్ని. ఒకసారి మా ఓనరు కేసులు కడిగించి సర్దించాడు. రెండు గడులు తారుమారయ్యాయి. నెల రోజులు తప్పులు. గడి మారిస్తే చేయి గుడ్డిదవుతుంది.”

నేను ఇన్ని వారాలుగా షెల్ మారినా ఈయనకు తెలియకూడదని కష్టపడుతున్నాను. చివరికి మార్చింది షెల్ కాదు, నేను. ఎవరూ అడగని మార్పు అది. పాత వరుసను పాత శాఖలో నుంచి తెచ్చి పెట్టాను. ఇక దాన్ని మార్చకూడదని కోడ్‌లో వ్యాఖ్య కూడా రాశాను: కొత్త గడులు చివరనే చేరాలి, ఉన్నవి కదలకూడదు. ఒక చిన్న పరీక్ష కూడా చేర్చాను. మొదటి పన్నెండు గడుల వరుస మారితే ప్యాకేజీ తయారవదు.

అక్టోబరు 1, బుధవారం

మహర్నవమి. ఆయుధ పూజ. దుకాణం కడిగి, నాలుగు కీబోర్డులకూ పసుపు కుంకుమలు పెట్టాం. వరదలో మిగిలిన సీసపు అక్షరాలు పిడికెడు ఉన్నాయి, చిన్నాన్న వాటిని ఒక డబ్బాలో దాచుకున్నాడు. ఏటా వాటినీ పూజలో పెడతాడు. మధ్యాహ్నం మిగిలిన మూడు కంప్యూటర్లనూ డెబియన్ 13కు మార్చాను. ‘పాత’ శాఖ మూసేశాను.

నవంబరు 2, ఆదివారం

నా లాప్‌టాప్‌లో ఫెడోరా 43 అనే లినక్స్. దానితో గ్నోమ్ 49. దుకాణానికి గానీ ల్యాబుకు గానీ ఇది ఇప్పుడే రాదు. కానీ ఈసారి అయిదు మెట్లు పోగుపడనివ్వను.

మొదట పనిచేసే పద్ధతే మారింది. నెస్టెడ్ ఆప్షన్ పోయి ‘డెవ్‌కిట్’ వచ్చింది, దానికి మట్టర్ డెవ్‌కిట్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. ఎక్స్11 సెషన్ కూడా ఇందులో మొదటినుంచే ఆపేసి ఉంది. అది నాకు తగలలేదు.

తగిలింది ఒక్కటే. క్లట్టర్ క్లిక్ యాక్షన్ తీసేశారు, దాని చోట క్లిక్ జెస్చర్, లాంగ్ ప్రెస్ జెస్చర్ వచ్చాయి. గడిని నొక్కి పట్టుకుంటే దానికి దగ్గరి అక్షరాలు చూపే సదుపాయం ఒకటి నేను 2022లో పెట్టాను, అది క్లిక్ యాక్షన్ మీద కట్టినది. 48 వరకు ఒకటి, 49కి ఇంకొకటి అని రాయాలి. రాయడానికి ముందు అడిగాను. చిన్నాన్నకు అలాంటిది ఉందనే తెలియదు. ల్యాబులో పదిమందిని అడిగాను, ఒక్కరూ వాడలేదు. తీసేశాను. గడులు మామూలు బటన్లు కాబట్టి వాటికి ఏ దెబ్బా తగలలేదు. 49లో పదిసార్లు తాళం పరీక్ష చేశాను. ఒకే మెరుపు. మెటాడేటాలో నాలుగో సంఖ్య చేర్చాను.

ముడులు లెక్కపెట్టాను. నాలుగు.

నవంబరు 9, ఆదివారం

పాత శతకం ఒకటి తిరిగి అచ్చు వేయించడానికి ఒక పెద్దాయన దుకాణానికి తెచ్చారు. అందులో నకార పొల్లు ఉంది. ఇప్పుడు మనం ‘న్’ అని రాసేచోట పాత అచ్చుల్లో కనిపించే ప్రత్యేకమైన రూపం. పెద్దాయన అది అలాగే రావాలంటున్నారు. గూడులో ఉందా అని చిన్నాన్న అడిగాడు.

లేదు. యూనికోడ్‌లోకి కూడా ఆ అక్షరం 2021లో 14వ కూర్పుతోనే వచ్చింది. పదమూడో గడిగా చివర చేర్చాను, ముందున్న పన్నెండూ కదలలేదు. షెల్‌ను తిరిగి తెరిస్తే గడిలో అక్షరం బదులు ఖాళీ చతురస్రం. ఫాంట్లను వెతికే ఎఫ్‌సీ లిస్టు ఆదేశంతో ఆ అక్షరం ఉన్న ఫాంటు ఏదైనా ఉందా అని వెతికాను. దుకాణం కంప్యూటర్‌లో ఒక్కటీ రాలేదు. ఎక్స్‌టెన్షన్ చేయగలిగింది ఏమీ లేదు, కావలసింది ఫాంటు. దొరికేవరకు గడి తీసేస్తానని చిన్నాన్నకు చెప్పాను.

“గడి ఉండనీ. ప్రెస్సులోనూ అంతే, ముందు గడి పెట్టుకునేవాళ్లం, అక్షరం తర్వాత పోత పోయించి తెచ్చుకునేవాళ్లం.”

ఉంచాను. ఫాంటు లేనంతవరకు ఆ గడి మసకగా కనిపించేలా, నొక్కితే ‘నకార పొల్లు’ అనే పేరు చూపేలా మార్చాను. రేపు సాయంత్రం నుంచి ఫాంట్ల వేట.